తెల్ల డేగ కన్ను

మౌలాలికి ఏడు చలికాలాలుగా ఒకటే దిగులు. ఆ తెల్ల డేగ కన్ను ఏ రంగో తెలియడం లేదు.

అతనిది ఆదోని. దూది ఏకి పరుపులు కుట్టేవాడు. భార్య పోయిన ఏడు, ఇంట్లో ఏడాది పిల్ల ఉండగా, అతని మనసు ఒకచోట నిలవడం మానేసింది. దూది ఏకే విల్లు పట్టినా పని సాగేది కాదు. ఎవరో చెబితే గడ్డిబీడు అంచున ఉండే పెద్దాయన్ని వెతుక్కుంటూ వచ్చాడు.

అక్కడ చెట్టు లేదు, గట్టు లేదు. నడుమెత్తు గడ్డి ఆకాశం అంచు దాకా పరుచుకుని ఉంటుంది. గాలి వస్తే ఆ చివర మొదలై ఈ చివర దాకా వంగుతుంది. గాలి లేనప్పుడు కూడా ఎక్కడో ఒకచోట కదులుతుంది.

పెద్దాయన పేరు ఎవరికీ తెలియదు. గొర్రెల కాపరులు సాయెబు తాత అనేవారు. మౌలాలి గురువుగా ఎంచి హజ్రత్ అనేవాడు. ఒక గుడిసె, ఒక నీళ్లకుండ, పిట్టల కోసం ఒక రాతితొట్టి. అంతే ఆయన ఆస్తి.

"మనసు నిలవడం లేదు హజ్రత్," అన్నాడు మౌలాలి మొదటిరోజు.

"పోయి ఆ రాయి మీద కూర్చో. చీకటి పడేలోగా ఏం కనపడిందో వచ్చి చెప్పు," అన్నాడు పెద్దాయన.

బీడు మొత్తానికి రాయి అదొక్కటే. మౌలాలి కూర్చున్నాడు. పొద్దు వాలే వేళకి డేగలు వచ్చాయి. ఒకటి కాదు, పది కాదు. రెక్కలు కొద్దిగా పైకెత్తి, గడ్డి కొసలు తాకేటంత కిందుగా, చప్పుడు లేకుండా తేలుకుంటూ వచ్చి ఒక్కొక్కటే గడ్డిలోకి దిగాయి. దిగినచోట గడ్డి మూసుకుంది. అన్ని డేగలు దిగాక కూడా బీడు ఖాళీగానే కనిపించింది.

వాటిలో ఒకటి తెల్లగా ఉంది. మచ్చ లేదు, చార లేదు. చాలా దూరంలో కనపడి, ఇంకా దూరం పోయింది.

మౌలాలి గుడిసెకి పరుగున వచ్చాడు. "హజ్రత్, తెల్ల డేగ! ఒళ్లంతా తెలుపే. అలాంటిది ఉందా, లేక నా భ్రమా?"

"ఉంది."

"దాని కన్ను ఏ రంగు?"

పెద్దాయన పొయ్యి ఊదుకుంటున్నాడు. పొగకి కళ్లు తుడుచుకున్నాడు. "నాకేం తెలుసు? చూసి నువ్వే చెప్పు."

పొయ్యి ముందు కూర్చుని అన్న మాట అది. మౌలాలి దాన్ని గురువు ఆజ్ఞ అనుకున్నాడు.

అప్పటినుంచి ఏటా చలి మొదలవగానే డేగలతో పాటు బీడుకి వచ్చేవాడు. చలి పోయాక వాటితో పాటే వెళ్లేవాడు. పరుపుల పని నడిచేది చలికాలంలోనే. విల్లు మాత్రం ఆ నాలుగు నెలలూ అక్క కాసింబీ ఇంట్లో మేకుకి వేలాడేది. పిల్ల కూడా అక్క దగ్గరే. పేరు జైతూన్.

అతను బయల్దేరే రోజు జైతూన్ వాకిట్లో నిలబడేది. పోయేవాణ్ణి వెనకనుంచి పిలిస్తే పోయిన పని చెడుతుందని అత్త నేర్పింది. అందుకని పిలిచేది కాదు. పోయేవాడు వెనక్కి తిరగకూడదని మౌలాలికీ తెలుసు. అందుకని తిరిగేవాడు కాదు.

నిరుడు మాత్రం ముందురోజు రాత్రి అన్నం తింటూ అడిగింది. "నాన్నా, నువ్వు దాన్ని ఇన్నేళ్లుగా చూస్తున్నావు గదా. అది నిన్ను చూసిందా?"

మౌలాలి నవ్వాడు. పిల్ల పాదం కొలత దారంతో తీసి, దారానికి ముడివేసి, డేగల లెక్క రాసుకునే నోటుపుస్తకంలో పెట్టుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు చెప్పులు తెస్తానన్నాడు. ఆ ఏడు చెప్పులు తేలేదు. దారం ఈ చలికాలం కూడా పుస్తకంలోనే ఉంది. అప్పుడప్పుడు దాన్ని తీసి చూసి, ఈపాటికి పాదం ఎంత పెరిగిందో, దగ్గు తగ్గిందో లేదో, రాత్రిళ్లు దుప్పటి తన్నేస్తే ఎవరు కప్పుతున్నారో అనుకునేవాడు. పొద్దు వాలగానే దారం పుస్తకంలో పెట్టేసేవాడు.

ఏడేళ్లలో అతను బాగా నేర్చుకున్నాడు. అరమైలు దూరంనుంచి రెక్క ఎత్తిన తీరు చూసి మగదో ఆడదో చెప్పగలడు. పాత దుర్భిణి ఒకటి సంపాదించాడు. అది అమ్మినవాడు ఒక సూత్రం కూడా చెప్పాడు. పొద్దుని ఎప్పుడూ వీపు మీద పెట్టుకో, అప్పుడు ఏ పిట్టా రంగు దాచలేదు, అని. మౌలాలి ఆ సూత్రం తప్పలేదు. సాయంత్రమైతే రాయి మీద తూర్పుకి ముఖం పెట్టి కూర్చునేవాడు. పడమటి ఎండ వీపు మీద పడేది. ఎదురుగా వచ్చే ప్రతి డేగా బంగారంలో ముంచి తీసినట్టు కనిపించేది.

"ఈ బీడులో నాకు తెలియని రెక్క లేదు," అనేవాడు కాపరులతో.

ఆ ఒక్కటి తప్ప. అది చలికాలానికి ఒకసారి కనిపించేది. ఎప్పుడూ దూరంగానే. ఎప్పుడూ పోతూనే.

కాపరులు దాని గురించి మాట్లాడేవారు కాదు. వాళ్లకో అలవాటు ఉంది. బీడులో అన్నం తినాలన్నా, కునుకు తీయాలన్నా, ఇద్దరు వీపుకి వీపు ఆనించి కూర్చుంటారు. ఒంటరిగా ఉన్నవాడు గొర్రెనో కుక్కనో వీపుకి ఆనించుకుంటాడు. ఎందుకంటే చెప్పరు.

ఆ గురువారం మధ్యాహ్నం కాపరి బీరన్న, పెద్దాయన అలాగే వీపులు ఆనించుకుని జొన్నరొట్టె తింటున్నారు. మౌలాలి కాస్త ఎడంగా, ఒక్కడే కూర్చున్నాడు.

"నీ వీపు కూడా తెచ్చి ఈడ పెట్టు మౌలాలన్నా," అన్నాడు బీరన్న. "చెనిక్కాయల పొడి ముగ్గురికీ వస్తాది."

"నాకు భయం లేదులే బీరన్నా."

"భయమని ఎవురన్నారు? మా నాయన చెప్పేటోడు. ఈ గడ్డిలో మనకి అగుపడనివి శానా ఉంటాయంట. వాటికి మనం అగుపడతాంటామంట." ఉల్లిగడ్డ పిడికిలితో చితకగొట్టాడు. "అయినా నీకెందుకులే. నీకు కండ్లు ఆకాశంలో ఉంటాయి."

మౌలాలి నవ్వాడు.

"ఉత్తరం తెచ్చిచ్చి మూన్నాళ్లాయ," అన్నాడు బీరన్న. "రోడ్డుకాడ టీ అంగడాయన అడగతాండె. ఏమంట? పాపకి బాగుందంట్నా?"

"ఆఁ. బాగుంది," అన్నాడు మౌలాలి.

అతని చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. పెద్దాయన తల కొద్దిగా తిప్పి ఆ చేతిని చూశాడు.

ఉత్తరంలో ఉన్నది వేరు. కాసింబీ ఎవరిచేతో రాయించింది. "తమ్ముడూ, మీ బావకి బళ్లారిలో పత్తి జిన్నింగు మిల్లులో పని కుదిరింది. శుక్రవారం పొద్దున రైలుకి అందరం పోతున్నాం. ఆలోగా నువ్వొస్తే నీ పిల్లని నీకు అప్పజెబుతా. రాకపోతే మాతో తీసుకుపోతా. ఆ తర్వాత నువ్వొచ్చి నా పిల్ల అంటే నేను ఒప్పను. ఇంకో మాట. పిల్ల నీ గురించి అడగడం మానేసింది."

రేపే శుక్రవారం. రోడ్డు నాలుగు మైళ్లు. ఆదోని బస్సు రాత్రి ఎనిమిదికి. అదొక్కటే.

కానీ డేగలు వెళ్లిపోతున్నాయి. నిన్న సగమే దిగాయి. ఇంకో రెండు మూడు రోజులు, ఆ తర్వాత మళ్లీ చలికాలం దాకా లేవు. అక్క కోపంలో రాయించింది, నిజంగా పోదులే, అని మౌలాలి మూడురోజులుగా తనకి తాను చెప్పుకుంటున్నాడు. చెప్పుకున్న ప్రతిసారీ జేబులో ఉత్తరం బరువెక్కేది.

రొట్టె తిన్నాక పెద్దాయన చేతులు కడుక్కుని లేచాడు.

"ఈ పొద్దు నీతో నేనూ వస్తా."

ఏడేళ్లలో ఆయన ఎప్పుడూ రాలేదు. మౌలాలి గొంగడి భుజాన వేసుకుని లేచాడు.

పొద్దు బారెడు ఉండగా ఇద్దరూ రాయి దగ్గరికి చేరారు. మౌలాలి ఎప్పటిలాగే తూర్పుకి తిరిగి కూర్చోబోయాడు. పెద్దాయన అతని భుజం మీది గొంగడి తీశాడు. రాయి మీద వేసి, మనిషి కూర్చున్నట్టే మడతలు సర్దాడు. దాని తల వైపు ఒకసారి నిమిరాడు కూడా.

"రా," అని పడమటికి నడిచాడు.

"అటు పొద్దు కళ్లలో పడుతుంది హజ్రత్. ఏమీ కనపడదు."

"అందుకే."

మౌలాలి చెయ్యి అడ్డం పెట్టుకుని నడిచాడు. ఎండ గడ్డికొసల మీద మండుతోంది. తన అడుగు తనకే కనపడటం లేదు. కాసేపటికి ఒక సంగతి గమనించాడు. పిట్టల చప్పుడు లేదు. నేలపిట్టలు లేవు, కౌజులు లేవు. మనిషి నీడ పడితే చాలు గోల పెట్టే తీతువు కూడా నోరు మూసుకుంది. గడ్డి మాత్రం వాళ్లకి ముందుగా, నాలుగడుగుల దూరంలో, రెండుగా విడిపోతూ పోయింది. తర్వాత అదీ ఆగింది.

నలభై అడుగులు కూడా వచ్చి ఉండరు.

"చూడు," అన్నాడు పెద్దాయన.

గడ్డి మధ్యలో చాటంత గుండ్రని చోటు. అక్కడ గడ్డి మొలవడం మానేసింది. నేల నున్నగా, గట్టిగా, ఎవరో రోజూ అలికినట్టు ఉంది. అంచున తెల్లటి రెట్టలు ఒకదాని మీద ఒకటి పొరలు కట్టాయి. ఎలుకబొచ్చు, మిడతకాళ్లు కలిసిన ఉండలు, డేగ అరగక కక్కినవి, కుప్పగా ఉన్నాయి. పైవి తడిగా ఉన్నాయి. మౌలాలి వేలితో కదిపాడు. అడుగువి దుమ్మైపోయాయి.

"ఇవి ఒక ఏటివి కావు," అన్నాడు.

పెద్దాయన నేల వైపు వేలు చూపాడు.

గుండ్రని చోటులో సన్నటి నల్లపోగులు పరిచి ఉన్నాయి. మౌలాలి ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపాడు. ఉన్ని. దూది, ఉన్ని అతని వేళ్లకి తెలియనివి కావు. అది తన గొంగడి ఉన్ని.

పోగుని గబుక్కున వదిలేశాడు.

గడ్డిలో ఒకవైపు మాత్రం సందు ఉంది. కిటికీ అంత. తూర్పు వైపు. మౌలాలి మోకాళ్ల మీద కూర్చుని అందులోంచి చూశాడు. రాయి కనిపించింది. రాయి మీద గొంగడి కనిపించింది. ఇంకేమీ కనిపించలేదు. ఇంకేదీ కనపడేలా ఆ సందు లేదు.

"ఆ తెల్లది ఎన్నాళ్లుగా ఇక్కడుంటోంది?"

"నువ్వొచ్చిన మొదటి ఏడునుంచి."

"నా వెనకాలా? ఏడేళ్లుగా నా వెనకాలేనా?" మౌలాలికి కోపం వచ్చింది. "ఒక్కమాట ఎందుకు చెప్పలేదు హజ్రత్?"

"ఎప్పుడొస్తుందని ఏటా అడిగావు. ఎక్కడుంటుందని ఒక్కసారి అడగలేదు." పెద్దాయన గడ్డిలోకి ఒదిగాడు. "కూర్చో. దాని చోట్లో కూర్చో. కదలకు."

మౌలాలి కూర్చున్నాడు. నేల గోరువెచ్చగా ఉంది.

పొద్దు దిగుతోంది. డేగలు రావడం మొదలుపెట్టాయి. పది, పదిహేను. మౌలాలి వాటిని లెక్కపెట్టలేదు. మెడ వెనక ఏదో చల్లగా తగిలినట్టయింది. రెక్క గాలి. నెత్తి మీదుగా, చేతికి అందేంత కిందుగా, తెల్లనిది ఒకటి దాటిపోయింది.

అదే.

మచ్చ లేదు, చార లేదు. ఎండకి ఈకల అంచులు ఎర్రబడ్డాయి. తొందర లేకుండా పోయి, రాయి చుట్టూ ఒకసారి తిరిగి, గొంగడి మీద వాలింది. రెక్కలు ముడుచుకుంది. ముడుచుకోగానే దాని భుజాలు కాస్త ముందుకి వంగాయి.

మౌలాలి సందులోంచి చూశాడు. గొంగడి నలుపు, దాని మీద ఆ వంగిన భుజాలు. మనిషి కూర్చున్నట్టే ఉంది. తను కూర్చున్నట్టే ఉంది.

అది తూర్పుకి చూస్తోంది. వీపు ఇటు ఉంది.

వీపు మీద ఎండ పడుతోంది. అంత వెలుతురులో, అంత దగ్గరగా, ఏ డేగనీ అతను చూడలేదు. దుర్భిణి కూడా అక్కర్లేదు. తల ఒక్కసారి తిప్పితే చాలు. కన్ను పసుపో, ఎరుపో, నలుపో తెలిసిపోతుంది. ఏడేళ్ల పని అయిపోతుంది. ఇవాళే బస్సు ఎక్కేయొచ్చు.

అది తిరగలేదు.

తిరుగుతుందిలే అనుకున్నాడు. డేగ తల ఎంతసేపు తిప్పకుండా ఉంటుంది? గొంగడి మడత గాలికి లేచింది. తిరగలేదు. దూరంగా బీరన్న కుక్క మొరిగింది. తిరగలేదు. మౌలాలి ఒక గడ్డిపోచ తుంచాడు. గడ్డిలో ఎలుక అడుగు వినే పక్షి అది. వినలేదా? మరొకటి తుంచాడు. నాలుకతో చిన్న చప్పుడు చేశాడు.

అది తూర్పున, చాలా దూరంలో, దేన్నో చూస్తోంది. అక్కడ ఏమీ లేదు.

మౌలాలి కాళ్లు తిమ్మిరెక్కాయి. కదపలేదు. ఎండ రాయి మీదినుంచి గొంగడి మీదికి, గొంగడి మీదినుంచి దాని భుజాల మీదికి పాకింది. ఒక్కసారి, అనుకున్నాడు. ఒక్కసారి ఇటు. నేనిక్కడే ఉన్నాను. ఎంతసేపటినుంచో ఉన్నాను. పిలుద్దామని నోరు తెరిచాడు.

పిలవలేదు.

అతని నోరు అలాగే తెరిచి ఉండిపోయింది. కళ్లలోంచి నీళ్లు వస్తున్నాయని పెదవికి ఉప్పు తగిలాక తెలిసింది.

పొద్దు నేలని తాకింది. డేగ ఒక్క ఊపున లేచి, వెనక్కి చూడకుండా, తూర్పుకి గడ్డి మీదుగా పోయి మాయమైంది. ఎక్కడో తీతువు ఒకటి అరిచింది. నేలపిట్టలు అందుకున్నాయి.

"కన్ను ఏ రంగు?" అన్నాడు పెద్దాయన.

మౌలాలి జేబులోంచి ఉత్తరం తీసి ఆయనకిచ్చాడు.

"నాకు చదువు రాదు. నువ్వే చదువు."

మౌలాలి విప్పాడు. పై నాలుగు వరుసలూ వదిలేసి, చివరి మాట ఒక్కటే చదివాడు. "పిల్ల నీ గురించి అడగడం మానేసింది."

తన గొంతులో వినేసరికి ఆ మాట కొత్తగా ఉంది.

"పిల్లకి ఎన్నేళ్లు?"

"ఎనిమిది."

పెద్దాయన మోకాళ్ల మీద చేతులు ఆనించి నెమ్మదిగా లేచాడు. గుండ్రని చోటుని, అందులో ఇంకా కూర్చునే ఉన్న మౌలాలిని చూశాడు.

"నువ్విక్కడ కూర్చుని ఇంకా గంట కూడా కాలేదు," అన్నాడు.

మౌలాలి లేచాడు. నోటుపుస్తకంలోంచి దారం తీసుకుని, పుస్తకం అక్కడే వదిలేశాడు. ఆయన పాదాలు తాకాడు. రోడ్డుకి దారి రాయి పక్కనుంచే. గొంగడి తీసుకోకుండానే దాటిపోయాడు. మొదట నడిచాడు. తర్వాత పరుగెత్తాడు.

దారి పల్లానికి దిగేచోట ఆగాడు. పోయేవాడు వెనక్కి తిరగకూడదు. మౌలాలి తిరిగి చూశాడు.

పడమటి ఆకాశం ఇంకా ఎర్రగా ఉంది. రాయి మీద, గొంగడి మీద, ఎవరో కూర్చుని ఉన్నారు. భుజాలు కాస్త ముందుకి వంగి ఉన్నాయి. ఈసారి ముఖం ఇటే ఉంది. హజ్రతో, అదో, ఆ వెలుతురులో తెలియలేదు. తనవైపే చూస్తున్నారని మాత్రం తెలిసింది.

కన్ను ఏ రంగో చూడటానికి అతను ఆగలేదు.